పాత చైన్‌సాల రిపేరు, సంరక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది నార్త్ కరోలినాలో. ఇంటి వెనకంతా ఓక్, పైన్ చెట్లు. పెద్ద గాలివాన వచ్చిందంటే ఏదో ఒక కొమ్మ కంచె మీద పడుతుంది. ఆ కొమ్మలు కోసుకోవడానికి యార్డ్ సేల్‌లో (ఇంటి ముందు పాత సామాన్లు పెట్టి అమ్మేచోట) ఒక పాత చైన్‌సా, అంటే పెట్రోలు ఇంజన్‌తో నడిచే రంపం, కొన్నాను. అక్కణ్ణుంచి అదే ఇష్టంగా మారింది. గరాజ్ తలుపు తీసి పని చేసుకుంటుంటే వచ్చి చూసే ఇక్కడి తెలుగువాళ్ళూ, ఊరి నుంచి వాట్సాప్‌లో ఫొటో పెట్టి అడిగేవాళ్ళూ ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. నా అనుభవం 1985కి ముందు వచ్చిన మిషన్లతోనే, కాబట్టి అక్కడికే పరిమితమవుతాను.

పాత చైన్‌సా అంటే ఎప్పటిది?

మొదట్లో ఈ మిషన్లు ఇద్దరు మనుషులు పట్టుకుంటే గానీ లేచేవి కావు. 1949లో మెక్‌కల్లా కంపెనీ తెచ్చిన 3-25 అనే మోడల్ 25 పౌండ్లే ఉండటంతో ఒక్కడే మోసుకుపోగలిగాడు. 1959లో జర్మనీ నుంచి స్టీల్ (Stihl) అనే కంపెనీ వాళ్ళ కాంట్రా వచ్చింది. అందులో గేర్లు లేవు, ఇంజన్ నేరుగా చైన్‌ను తిప్పుతుంది. 1963లో హోమ్‌లైట్ ఎక్స్‌ఎల్-12 వచ్చింది. బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పలక), చైన్ తీసేస్తే దాదాపు 12 పౌండ్లు. ఇది ఎంతగా అమ్ముడుపోయిందంటే, ఇప్పటికీ అమెరికాలో పాత గరాజ్‌లలో ఎక్కువగా కనబడేవాటిలో ఇదొకటి. నాకు పాత రంపం అంటే ఇంజన్‌లో పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంపేవి), చేతికింద మెగ్నీషియం బాడీ, చైన్ బ్రేక్ (రంపం ఎగిరితే చైన్‌ను ఆపేది) లేకపోవడం. ఈ మూడూ ఉంటే ఏ ఏడాదిదైనా పాతదే.

కొత్తది కొనుక్కోవచ్చు కదా, ఈ శ్రమ ఎందుకు?

రోజూ చెట్లు కోసే పని మీదైతే కొత్తదే కొనుక్కోండి. అది తేలిక, బ్రేక్ ఉంటుంది, చేతులు తిమ్మిరెక్కవు. పాతది పట్టుకోవాల్సింది దాన్ని విప్పి బిగించడం మీద మనసున్నవాళ్ళు. ఇందులో ప్రతి భాగం స్క్రూతో విడిపోతుంది, ప్రతి భాగమూ ఏం చేస్తుందో కంటికి కనబడుతుంది. బజాజ్ చేతక్ స్కూటర్ తెల్లారి స్టార్ట్ కాకపోతే పక్కకు వంచి, ప్లగ్ విప్పి, గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ బిగించిన రోజులు గుర్తున్నవాళ్ళకు ఇది కొత్త చదువు కాదు. అదే టూ-స్ట్రోక్ ఇంజన్, అవే జబ్బులు.

యార్డ్ సేల్‌లో ఒకటి కనబడింది. కొనేముందు ఏం చూడాలి?

ముందు స్టార్టర్ తాడు పిడి పట్టుకుని రంపాన్ని గాల్లోకి మెల్లగా ఎత్తండి. మిషన్ బరువుకు తాడు ఒక్కసారిగా జారిపోతే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే బలం) లేనట్టే. ఆగి, ఆగి, ఒక్కో మెట్టు దిగినట్టు దిగితే మంచిదే. పైకి లేచిపోయి అసలు కదలకపోతే ఇంజన్ పట్టేసి ఉండొచ్చు.

తరవాత మఫ్లర్ (సైలెన్సర్) విప్పడానికి అనుమతి అడగండి. చాలా మోడళ్ళలో రెండు మూడు బోల్టులే. ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ చూడండి. నున్నగా, బూడిదరంగులో, అడ్డంగా సన్నటి మిషనింగ్ గీతలుంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. నిలువుగా చారలు పడి, వెండి పూత పూసినట్టు మెరుస్తుంటే గీసుకుపోయినట్టు. అమ్మేవాళ్ళు "పోయిన ఏడాది బాగానే నడిచింది" అని చెప్పే మాట కన్నా ఈ రంధ్రం చెప్పే మాట నమ్మకమైనది.

ఇంకొకటి, అడుగు భాగం చూడండి. మెగ్నీషియం మీద తెల్లటి పొడి తేలి, గోటితో గీస్తే రాలుతుంటే తేమ బాగా తినేసింది. అలాంటిది పార్టుల కోసమైతేనే తీసుకోండి.

ఇంటికి తెచ్చాను. ఒకసారి పెట్రోలు పోసి లాగి చూడనా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

నా మొదటి రంపం రెండో లాగుకే అందుకుంది. ఆనందం పట్టలేక అప్పటికప్పుడు పడిన ఓక్ కొమ్మ మీద పెట్టాను. పది నిమిషాలు అద్భుతంగా కోసింది. వేగం కాస్త పెరిగినట్టు, శబ్దం సన్నబడినట్టు అనిపించింది, బాగా వేడెక్కి చురుగ్గా పనిచేస్తోందనుకున్నాను. మరుక్షణం ఆగిపోయింది. తాడు కదల్లేదు. విప్పి చూస్తే ట్యాంకు లోపలి పెట్రోలు గొట్టం మెత్తటి నల్ల బంకలా అయిపోయి, కార్బురేటర్ దగ్గర వెంట్రుక వాసి చీలిక ఉంది. అందులోంచి గాలి లోపలికి దూరి పెట్రోలు తగ్గింది. పెట్రోలుతో పాటే ఆయిల్ వెళ్ళాలి కాబట్టి ఆయిలూ తగ్గింది. పిస్టన్ కాలిపోయింది. యాభై ఏళ్ళు నిలిచిన ఇంజన్‌ను నేను పది నిమిషాల్లో పాడుచేశాను. రెండు డాలర్ల గొట్టం మార్చి ఉంటే అది ఇవాళ్టికీ కోసేది.

ఎవరో ఎప్పుడో దాన్ని పక్కన పెట్టారంటే కారణం ఉంటుంది. ఆ కారణం తెలిసేదాకా స్టార్ట్ చెయ్యొద్దు. కనీసం ఇవి ముందు చెయ్యండి: పెట్రోలు గొట్టం, ట్యాంకులో ఫిల్టర్ మార్చండి. కార్బురేటర్‌లో కొత్త డయాఫ్రంలు (పెట్రోలు లాగే పలుచటి పొరలు) వెయ్యండి. కార్బురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉన్న రబ్బరు లేదా గాస్కెట్‌ను వంచి చూసి పగుళ్ళుంటే మార్చండి. సిలిండర్ రెక్కల మధ్య పేరుకున్న రంపపు పొట్టు, నూనె మడ్డి గీకేయండి. ఫ్యాను గాలి ఆ రెక్కల మధ్య నుంచి పోతేనే ఇంజన్ చల్లబడుతుంది.

పెట్రోలులో ఆయిల్ ఎంత కలపాలి? మిషన్ మీద 16:1 అని ఉంది.

ఆ లెక్క మామూలు మోటార్ ఆయిల్ వాడే రోజులది. గాలితో చల్లబడే టూ-స్ట్రోక్ ఇంజన్ల కోసం ఇప్పుడు వచ్చే మంచి ఆయిల్‌తో నేను అన్ని పాత రంపాలకూ 32:1 కలుపుతాను. అంటే ఒక గ్యాలన్‌కు 4 ఔన్సులు, ఇండియా లెక్కలో లీటరుకు సుమారు 31 మిల్లీలీటర్లు. డబ్బా మీద 50:1 అని రాసి ఉంటుంది, అది కొత్త మిషన్ల కోసం. పాత బేరింగులకు కాస్త ఎక్కువ ఆయిల్ పడితే నష్టం లేదు, ఎగ్జాస్ట్‌లో కొంచెం మసి తప్ప. పడవల మోటార్ల ఆయిల్ మాత్రం పొయ్యొద్దు. అది నీళ్ళతో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది.

అమెరికాలో మామూలు బంకు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, ఇండియాలో ఇప్పుడు ఎక్కువచోట్ల 20 శాతం. ఇథనాల్ తేమను పీలుస్తుంది, ఆ కాలపు రబ్బరును చెడగొడుతుంది. ఇథనాల్ లేని పెట్రోలు దొరికితే అదే వాడండి. దొరకకపోతే కలిపింది నెల దాటనివ్వకండి, పని అయ్యాక ట్యాంకు ఖాళీ చెయ్యండి.

స్పార్క్ రావడం లేదు. కాయిల్ పోయిందా?

చాలాసార్లు కాదు. ముందు స్టాప్ స్విచ్ వైరు విడదీసి చూడండి. వైరు మీది తొడుగు ఊడి బాడీకి తగులుతుంటే స్పార్క్ అక్కడే చచ్చిపోతుంది. కొత్త ప్లగ్ పెట్టి, ప్లగ్ ఒంటిని సిలిండర్ మెటల్‌కు ఆనించి, ప్లగ్ రంధ్రానికి దూరంగా పట్టుకుని తాడు లాగండి. నీలంగా, చిటుక్కుమని రావాలి.

అప్పటికీ రాకపోతే ఫ్లైవీల్ తీయాలి, పాయింట్లు దాని కింద ఉంటాయి. ఫ్లైవీల్ రెక్కల కింద స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తొద్దు, రెక్క విరిగితే ఆ భాగం దొరకడం కష్టం. పుల్లర్ వాడండి. పాయింట్లు ఏళ్ళ తరబడి కూర్చుని పైన సన్నటి పొర పట్టి ఉంటాయి. కంటికి శుభ్రంగానే కనిపిస్తాయి గానీ కరెంటు దాటదు. సన్నటి ఎమరీ కాగితం మడిచి పాయింట్ల మధ్య పెట్టి రెండుసార్లు లాగండి. ఆ తరవాత తెల్లకాగితం ముక్కను స్పిరిట్‌లో ముంచి లాగండి. కాగితం మీద నల్లగీత పడటం ఆగేదాకా చెయ్యండి. ఎమరీ రవ్వ ఒక్కటి మిగిలినా మళ్ళీ మొదటికొస్తుంది కాబట్టి ఈ రెండోది వదిలెయ్యకండి. గ్యాప్ చాలా మోడళ్ళకు 0.015 అంగుళం. మీ మోడల్ మాన్యువల్ దొరికితే అందులోదే ఖాయం. కాయిల్‌కూ ఫ్లైవీల్ అయస్కాంతానికీ మధ్య దూరానికి నేను విజిటింగ్ కార్డు పెట్టి బిగిస్తాను, అది దాదాపు 0.012 అంగుళం ఉంటుంది.

ఇవన్నీ చేశాకే కండెన్సర్‌నూ, చివరికి కాయిల్‌నూ అనుమానించండి.

స్పార్క్ బాగుంది, పెట్రోలు ఉంది. అయినా అందుకోవడం లేదు.

చెంచాడు మిక్స్ కార్బురేటర్ గొంతులో పోసి లాగండి. రెండు సెకన్లు మోగి ఆగిపోతే ఇంజన్ మంచిదే, పెట్రోలు అందడం లేదు. తప్పు కార్బురేటర్‌లోనో గొట్టంలోనో ఉంది.

ఈ కార్బురేటర్లలో స్కూటర్‌లో ఉన్నట్టు ఫ్లోట్ ఉండదు. ఉంటే రంపాన్ని పక్కకు తిప్పగానే ఆగిపోయేది. బదులుగా పలుచటి డయాఫ్రం గుండెలా కొట్టుకుంటూ పెట్రోలు లాగుతుంది. అది ఎండి గట్టిపడితే కొట్టుకోదు. చేత్తో తీసి ఊపితే అప్పడంలా చప్పుడొస్తే అది పోయినట్టే. కిట్ కొనేటప్పుడు రంపం మోడల్‌తో కాక కార్బురేటర్ మీద చెక్కిన అక్షరాలతో కొనండి. టిల్లాట్సన్, వాల్‌బ్రో అనే రెండు కార్బురేటర్ కంపెనీలదీ పేరు మెటల్ మీదే ఉంటుంది. ఒకే రంపానికి ఏడాదికో రకం బిగించిన సందర్భాలున్నాయి. విప్పేటప్పుడు ప్రతి పొరకూ ఫోన్‌తో ఫొటో తీయండి. గాస్కెట్ ముందా, డయాఫ్రం ముందా అన్నది తారుమారైతే ఎన్నిసార్లు లాగినా లాభం లేదు.

కార్బురేటర్ స్క్రూలు ఎలా తిప్పాలి?

రెండు స్క్రూలనూ మెల్లగా, బిగించకుండా, తగిలేదాకా లోపలికి తిప్పండి. అక్కణ్ణుంచి ఒక్కో చుట్టు బయటికి తీస్తే చాలా ఇంజన్లు అందుకుంటాయి. బాగా వేడెక్కాక ఎల్ అని రాసిన స్క్రూతో నెమ్మది వేగాన్నీ, ట్రిగ్గర్ నొక్కగానే తడబడకుండా లేవడాన్నీ సరిచేయండి.

హెచ్ స్క్రూ చెవితో చేసే పని. పూర్తి వేగంలో, కోత లేకుండా, శబ్దం కాస్త గుడగుడమంటూ ముద్దగా ఉండాలి. చైన్ కట్టెలోకి దిగి బరువు పడగానే ఆ గుడగుడ పోయి నున్నగా మోగాలి. గాల్లోనే సన్నగా, కీచుగా, నున్నగా మోగుతుంటే పెట్రోలు తక్కువైనట్టు. ఎంత బలంగా అనిపించినా అలా వదిలెయ్యకండి, నా మొదటి రంపం చివరిగా చేసిన శబ్దం అదే. ట్రిగ్గర్ వదిలినప్పుడు చైన్ తిరగకూడదు. తిరుగుతుంటే ఐడిల్ (నెమ్మది వేగం) తగ్గించండి. అప్పటికీ తిరిగితే క్లచ్ స్ప్రింగులు చూడండి.

ఎంత సరిచేసినా వేగం తనంతట తానే పెరిగిపోతోంది.

ఎక్కడో గాలి దూరుతోంది. గొట్టం, గాస్కెట్లు మార్చి ఉంటే మిగిలింది క్రాంక్ రెండు చివర్లా ఉండే సీల్స్. దీనికి ఒక పరీక్ష ఉంది. ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ రంధ్రాలు రబ్బరు ముక్కలతో మూసి, పంపుతో 7 పీఎస్ఐ గాలి పెట్టి, సబ్బునీళ్ళు చల్లండి. పంక్చర్ షాపులో ట్యూబును నీళ్ళలో ముంచి బుడగ కోసం చూసినట్టే. ఆ తరవాత అదే పంపుతో గాలి లాగి కూడా చూడండి. కొన్ని సీల్స్ బయటికి వదలవు గానీ లోపలికి పీలుస్తాయి.

పిస్టన్ గీసుకుపోయింది. ఇక పారెయ్యాలా?

తొందరపడకండి. చాలా సిలిండర్ల లోపల గట్టి క్రోమ్ పూత ఉంటుంది. గీతలుగా కనబడేది తరచుగా దానికి అంటుకున్న పిస్టన్ అల్యూమినియమే. చెవి పుల్లకు చుట్టిన దూదితో మ్యూరియాటిక్ (హైడ్రోక్లోరిక్) యాసిడ్‌ను ఆ చారల మీద మాత్రమే అద్దితే అల్యూమినియం నురగలు కక్కుతూ కరిగిపోతుంది. ఎక్కువసేపు ఉంచితే క్రోమ్‌నూ తింటుంది. గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని ఆరుబయట చెయ్యండి, తరవాత బాగా కడిగి నూనె రాయండి. కింద క్రోమ్ ఊడిపోయి ఉంటే యాసిడ్ సిలిండర్‌నే తినేస్తుంది, అప్పుడు ఆపెయ్యాలి. కొత్త పిస్టన్, రింగులు వేశాక కంప్రెషన్ 150 పీఎస్ఐ వస్తే సంతోషించండి. 120 వచ్చినా పనిచేస్తుంది. 100 కిందికి పోతే వేడెక్కాక అందుకోదు.

క్లచ్ ఊడి రావడం లేదు.

చాలా రంపాల్లో అది ఎడమ మర. మామూలు మర విప్పేటప్పుడు తిప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. బాణం గుర్తు ఉందేమో చూడండి. పిస్టన్ కదలకుండా ప్లగ్ రంధ్రంలోంచి మెత్తటి తాడు దోపండి, స్క్రూడ్రైవర్ పెట్టొద్దు.

ఏ చైన్ కొనాలి?

మూడు లెక్కలు కావాలి: పిచ్, గేజ్, డ్రైవ్ లింకుల సంఖ్య. వరసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి రెండుతో భాగిస్తే పిచ్ వస్తుంది. పాత పెద్ద మిషన్లకు 0.404 అంగుళం, మధ్యరకానికి 3/8 ఎక్కువ. గేజ్ అంటే బార్ గాడిలో దిగే డ్రైవ్ లింకు మందం. 0.050, 0.058, 0.063 ఎక్కువగా కనబడతాయి. పిచ్ స్ప్రాకెట్‌తో (చైన్‌ను తిప్పే పళ్ళచక్రంతో), గేజ్ బార్‌తో కలవాలి.

ఇప్పుడు మనం వాడే చైన్ రూపం 1946లో ఓరెగన్ అడవుల్లో పుట్టింది. అంతకుముందు చైన్ పళ్ళు చేతిరంపం పళ్ళలా ఉండేవి, ఊరికే మొద్దుబారేవి. జోసెఫ్ కాక్స్ అనే ఆయన ఒక కలప పురుగు మొద్దును తినడం చూశాడు. అది కుడికీ ఎడమకూ మార్చి మార్చి కొరుకుతూ దారి చేసుకుంటోంది. దాని దవడల ఆకారంలోనే పళ్ళు చేసి 1947లో పోర్ట్‌లాండ్‌లో కంపెనీ పెట్టాడు. మీ చైన్‌ను చేతిలోకి తీసుకుని చూడండి, ఒక పన్ను కుడికి, తరవాతది ఎడమకు ఒరిగి ఉంటుంది.

పదును ఎలా పెట్టాలి?

రంపపు పొట్టు పిండిలా రాలుతుంటే పదును పోయింది. రేకుల్లా, తురుములా రాలాలి. గుండ్రటి ఆకురాయి కావాలి: 0.404కి 7/32 అంగుళం, 3/8కి 7/32 లేదా 13/64, పావు అంగుళం చైన్‌కు 5/32. బార్‌ను వైస్‌లో బిగించి, లోపల్నుంచి బయటికి, ఒకేవైపు తోయండి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయండి. సుమారు 30 డిగ్రీల కోణం. ఒక్కో పన్నుకూ ఒకే లెక్క, మూడంటే మూడు తోపులు. ఒకవైపు పళ్ళు పొట్టిగా అయితే కోత వంకర పోతుంది. ప్రతి పన్ను ముందూ ఉన్న చిన్న దిమ్మెను కూడా మూడు నాలుగుసార్లకోసారి చదును ఆకురాయితో దించాలి. 3/8 చైన్‌కు అది పన్ను కన్నా 0.025 అంగుళం కిందుండాలి. మరీ దించితే చైన్ కొరికి పట్టుకుని చేతిలోంచి గుంజేస్తుంది.

బార్‌కు ఆయిల్ దానంతటదే రాదా?

కొన్నింటికి రాదు. ఎక్స్‌ఎల్-12 లాంటివాటిలో బొటనవేలి దగ్గర బటన్ ఉంటుంది, కోస్తున్నంతసేపూ కొన్ని సెకన్లకోసారి నొక్కాలి. బార్ ఆయిలే వాడండి. కారులోంచి తీసిన పాత ఆయిల్‌లో ఇనుప రజను ఉంటుంది, పంపును అరగదీస్తుంది, మట్టినీ పాడుచేస్తుంది. పదును పెట్టిన ప్రతిసారీ బార్‌ను తలకిందులు చేసి బిగిస్తే రెండువైపులా సమంగా అరుగుతుంది.

చైన్ బ్రేక్ లేని రంపం వాడటం ప్రమాదం కాదా?

ప్రమాదమే. బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే రంపం కన్ను మూసి తెరిచేలోగా మొహం మీదికి లేస్తుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. దాన్ని ఆపే బ్రేకులు 1970ల మొదట్లో గానీ రాలేదు. అందుకే నేను పాతవాటితో నేల మీద పడిన మొద్దులే కోస్తాను. నిలబడ్డ చెట్టు, నిచ్చెన, భుజం కన్నా ఎత్తు, వీటి జోలికి వెళ్ళను. ఎడమ బొటనవేలు హ్యాండిల్ కిందినుంచి చుట్టి పట్టుకోండి. కాళ్ళకు చాప్స్ (చైన్ కోయకుండా కాపాడే దట్టమైన తొడుగులు), కళ్ళకు, చెవులకు రక్షణ తప్పనిసరి. ఆ కాలపు మిషన్లలో చాలావాటికి కుదుపు ఆపే రబ్బర్లు లేవు. ఏళ్ళ తరబడి పట్టుకుంటే వేళ్ళకు రక్తం అందక తెల్లబడే జబ్బు వస్తుంది. ట్యాంకు సగమయ్యాక ఆపి చేతులు విదిలించుకోండి. ఎవరికైనా ఇచ్చేముందు బ్రేక్ లేదన్న సంగతి నోటితో చెప్పండి.

ఊళ్ళో నాన్నగారికి కొబ్బరి, సరుగుడు కోయడానికి ఒకటి తీసుకెళ్ళొచ్చా?

వద్దండి. పెట్రోలు మిగిలి ఉన్న ఇంజన్‌ను విమానంలో ఎక్కించనివ్వరు. పైగా అక్కడ ఈ మోడళ్ళకు పార్టులు దొరకవు. ఊళ్ళో సర్వీసు ఉన్న కొత్త మిషన్, బ్రేక్ ఉన్నది, అక్కడే కొనివ్వండి. ఈ పేజీలో పెట్రోలు, పదును, కార్బురేటర్ గురించి రాసినవి దానికీ పనికొస్తాయి.

చలికాలమంతా వాడకపోతే ఎలా దాచాలి?

ట్యాంకు ఖాళీ చేసి, ఐడిల్‌లో తనంతట తాను ఆగేదాకా నడపండి. ప్లగ్ విప్పి రెండు చుక్కల టూ-స్ట్రోక్ ఆయిల్ వేసి తాడు మెల్లగా రెండుసార్లు లాగండి. చైన్ బిగువు తగ్గించండి. ఎయిర్ ఫిల్టర్ కడిగి ఆరబెట్టండి.

చివరగా హ్యాండిల్‌కు ఒక అట్టముక్క కట్టి పెన్సిల్‌తో రాయండి. నా గరాజ్‌లో వేలాడుతున్న ఒకదాని మీద ఇలా ఉంది: "32:1. పాయింట్లు 0.015. గొట్టం, డయాఫ్రం కొత్తవి. కుడి సీల్ మార్చలేదు, సబ్బునీళ్ళలో ఒక్క బుడగ వచ్చింది. మార్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు."